లైటు చూసుకునేదానికి

ఉదయగిరి,
జూన్ 9.

ప్రియమైన పెదనాయనకు సుజన వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఎవురూ? ఎవురూ?" అని ఆత్మకూరు బస్టాండు దాకా వినపడేటట్టు అరుస్తావు. నేను చెప్పింది మాత్రం ఒక్క ముక్కా నీ చెవికెక్కదు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకని కాగితమే దిక్కయింది. నా రాత బాగాలేదని మళ్ళీ ఫోన్ చేసి తిట్టొద్దు.

నెల్లూరు స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపే ఉద్యోగం మానేశాను. నాయన పొద్దున పొలానికి పోతే మాపటికి గానీ రాడు, అవ్వ ఒక్కతే అయిపోతోంది. ఇంటి ముందుగదికి సున్నం కొట్టించి నేనే స్టూడియో పెట్టాను. బోర్డు కూడా రాయించాను, "సుజన డిజిటల్స్" అని. ఒక్క కెమెరాకి డిజిటల్స్ ఏందమ్మా, డిజిటల్ చాలదా అని పెయింటర్ నవ్వాడు. ఆ ఒక్కటి కూడా మా ఓనరు వాడి వాడి వదిలించుకున్నది.

అదీ, ఒక పాత ప్రింటరూ తప్ప ఇంకేమీ లేదు. లైట్లు లేవు, స్టాండు లేదు, వెనక కట్టేదానికి తెర లేదు. కొత్తవి కొనే మాట ఇప్పట్లో ఎత్తలేను. బడులు తెరుస్తున్నారు, పిల్లల ఫోటోలకి ఇదే సీజను. నీ స్టూడియోలోని గొడుగు లైట్లు రెండూ, ఆ రంగుల తెర, అదే, మెట్లూ పూలకుండీ వెనక హంస ఉండేది, నాకు ఇస్తావా? జాగ్రత్తగా చూసుకుంటాను.

అవ్వ బాగుంది. నా బోర్డు చూసి, "మీ పెదనాయన ఒకడు చాలకనా, నువ్వు గూడానా?" అన్నది. అదేం మాట అవ్వా అని అడిగితే మేకకు ఆకు వేయాలని లేచిపోయింది.

నీ జవాబు కోసం చూసే
సుజన


ఆత్మకూరు,
జూన్ 15.

చిరంజీవి సుజనకు శీనయ్య ఆశీస్సులు.

గొడుగు లైట్లు షాపుతో పాటే పోయాయి. తెరను ఎలుకలు తిన్నాయి. ముందు హంసను తిని, తర్వాత మెట్లు ఎక్కాయి. పూలకుండీ ఒక్కటి మిగిలింది, కావాలంటే కత్తిరించి పంపుతా. తుంటి విరిగినప్పటినుంచి నేను గడప దాటేది ఆదివారం చర్చికే. లేకుంటే నేనే వచ్చి నీ గది చూసేవాణ్ణి.

సామాను లేదని బెంగపడొద్దు. నేను మొదలుపెట్టినప్పుడు నా దగ్గర మాత్రం ఏముంది? వెలుతురు దేవుడు ఊరికే ఇస్తాడు, దాన్ని పట్టుకోవడమే మన పని. మీ ముందుగది కిటికీ ఉత్తరానికి ఉంది కదా, ఎండ నేరుగా పడదు. దానికి మీ నాయన తెల్ల పంచె ఒకటి కట్టు. అంచు లేనిది చూసి కట్టు, లేకుంటే మనిషి మొహాన గీత పడుతుంది. పంచెలో నుంచి వచ్చే వెలుతురు ఏ గొడుగు లైటుకూ తీసిపోదు. అప్పుడు ఒక చెంప తెల్లగా, ఇంకో చెంప చీకటిగా వస్తుంది. ఆ చీకటి పక్క ఒక థర్మోకోల్ అట్ట పట్టుకుంటే సరి. టీవీల షాపులో అడుగు, పారేసేవే ఇస్తారు. స్టాండు లేకపోతే ఒక గుడ్డసంచిలో బియ్యం పోసి కుట్టి, ఇటుకల మీద పెట్టి, దాని మీద కెమెరా కూర్చోబెట్టు. కదలదు.

తెరకు గుడ్డే అక్కర్లేదు. పాత ఫ్లెక్సీ తిరగేసి గోడకు కట్టు, వెనకపక్క తెల్లగా ఉంటుంది. మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టొద్దు, రెండు మూరలు ముందుకు జరుపు. నీడ తెర మీద పడదు, ముడతలు కనపడవు.

గిరాకీ కూర్చోకముందే ఎవరినైనా ఆ స్టూలు మీద కూర్చోబెట్టి లైటు చూసుకోవాలి. మా కాలంలో అది ఫోటో కింద లెక్క కాదు. దాన్ని ప్రింటు వేయం, ఎవరికీ ఇవ్వం.

ఇంకో మాట. నలభై ఏళ్ళు ఊరందరికీ ఫోటోలు తీశాను గానీ మా అమ్మ ఫోటో ఒక్కటి నా దగ్గర లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నదాన్ని చూస్తే నేనే గుర్తుపట్టను. చర్చి గ్రూపు ఫోటోల్లో కొంగు అడ్డం పెట్టుకుంటుంది. నువ్వు అడిగి చూడు, నీ మాట వింటుందేమో. కానీ దొంగతనంగా తీయొద్దు. నేను అడిగానని కూడా చెప్పొద్దు.

మీ పెదనాయన


ఉదయగిరి,
జులై 2.

పెదనాయనకు వందనాలు.

పంచె అద్భుతం. మొదటిరోజు బడిపిల్లలకు తీసిన ఫోటోలు చూసి నేనే నమ్మలేదు. నాయన మాత్రం కిటికీని చూసి, "నా పంచె కట్టుకోని ఆ కిటికీ చర్చికి పోతదా?" అని అడిగాడు.

ఫ్లెక్సీ సంగతి చెబుతాను, తిట్టొద్దు. చర్చి స్టోరురూములో ఫ్లెక్సీలు చుట్టచుట్టి ఉంటే ఒకటి అడిగి తెచ్చాను. ఏం ఫ్లెక్సీ అని విప్పి చూడలేదు. నువ్వు గోడకు కట్టమన్నావా, గోడకేమో అలమార ఉంది. ఆ పక్క ఇంకో కిటికీ ఉంటే దాని మీద కట్టాను. వెలుతురు ఇంకా ఎక్కువొస్తుంది కదా అనుకున్నాను. వరికుంటపాడు నుంచి కామయ్య మామ వచ్చాడు, గొర్రెల లోనుకు ఫోటో కావాలని. తీశాను, ఇచ్చాను, సంతోషంగా పోయాడు.

మరుసటిరోజు పొద్దున్నే వాళ్ళావిడ దేవకమ్మ వచ్చి కూర్చుంది. ఫోటో నా ముందర పెట్టింది. "మా ఆయన భుజం మీద ఈయన ఎవురమ్మా?" అన్నది. చూస్తే ఏముంది, చనిపోయిన మన సంఘపెద్ద జోయల్ తాత, నీళ్ళల్లో నీడలా కామయ్య మామ భుజం మీద నుంచి నవ్వుతున్నాడు! పైన తిరగేసిన అక్షరాల్లో "ఆదరణ కూడిక". జోయల్ తాత పోయినప్పుడు వేయించిన ఫ్లెక్సీ అది. వెనక కిటికీ వెలుతురుకు బొమ్మంతా ఇటు కనపడింది. నేను కామయ్య మామ మొహమే చూసుకున్నాను గానీ వెనక చూడలేదు.

దేవకమ్మకు కోపం రాలేదు. "బ్యాంకోళ్ళు జామీను అడిగితే ఈయన్నే చూపిస్తాంలే" అని నవ్వింది. మామను మళ్ళీ పిలిపించి కొత్తవి తీసిచ్చాను.

అవ్వ మాత్రం నవ్వలేదు. నువ్వు చెప్పినట్టే అడిగాను, నీ పేరు ఎత్తలేదు. "అవ్వా, ఒక్కసారి కూర్చో, నీ ఫోటో తీస్తా" అన్నాను. తెల్లటి ఫ్లెక్సీ వైపు చూసి, "తెల్లది కట్టి నన్ను దాని ముందర కూర్చోమంటావేంది? నాకింకా టైముండాది" అన్నది. తెల్లదానికీ టైముకూ ఏం సంబంధమో నాకు తెలియలేదు. నీకు తెలుసా?

సుజన


ఆత్మకూరు,
జులై 10.

చిరంజీవి సుజనకు,

జోయల్ అన్న బతికున్నప్పుడూ అంతే, పిలవకపోయినా ప్రతి ఫోటోలో దూరేవాడు. నీ ఉత్తరం చదివి తుంటి నొప్పి పుట్టేదాకా నవ్వాను.

గోడకు కట్టమంటే కిటికీకి కట్టావు. వెనక వెలుతురుంటే ఏ బొమ్మైనా ఇటు వస్తుంది. అలమార జరిపి గోడకే కట్టు. అసలు ఫ్లెక్సీయే వద్దులే. తెలుపు వదిలెయ్. అమ్మ ట్రంకులో ఆకాశనీలం చీర ఒకటుంటుంది, ఒక క్రిస్మస్‌కు నేను తీసిచ్చింది. రంగు మరీ పిల్లల రంగని కట్టనే లేదు. బడి ఫోటోలకు ఆ నీలం బ్రహ్మాండంగా ఉంటుంది. అడిగి తీసుకో.

అమ్మ అన్న మాటకు అర్థం నాకేం తెలుసు? పెద్దవాళ్ళు ఏవేవో అంటుంటారు. బలవంతం చేయొద్దు.

నువ్వు తీసిన ఫోటోలు కొన్ని పంపు. నీ లైటింగు ఎలా ఉందో చూసి చెబుతా. కత్తిరించకుండా, కెమెరాలో పడ్డది పడ్డట్టు పెద్ద సైజు ప్రింటు వేసి పంపు.

పెదనాయన


ఉదయగిరి,
ఆగస్టు 4.

పెదనాయనకు వందనాలు.

చీర అడగ్గానే ఇచ్చింది. "కట్టుకోమంటే గదా బాధ" అన్నది. నేను సుత్తీ మేకులూ తీసేసరికి మాత్రం ఎగిరి దూకింది. "మా శీనడు తీసిచ్చిన చీరకు మేకులు కొడితే చేతులిరగ్గొడతా!" అని. పైన తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టాను. కింద ఏం పెట్టాలి? ఇక్కడి గాలి నీకు తెలుసు కదా, కొండ మీద నుంచి దిగిందంటే తలుపులే ఆగవు. చీర లేచి లేచి పిల్లల నెత్తిన పడుతోంది.

చివరికి అవ్వే ఒక పీట వేసుకుని చీర పక్కన కూర్చుంది. ఒక చేత్తో చీర చెంగు పట్టుకుంటుంది, ఇంకో చేత్తో థర్మోకోల్. ఇప్పుడు అదే ఆమె పని. పొద్దున కాఫీ తాగి, నాకంటే ముందే వచ్చి పీట మీద ఉంటుంది. కదిలే పిల్లలను, "ఒరేయ్, మెడ నిలబెట్రా, పందెం కోడి మాదిరి" అని అదిలిస్తుంది. నువ్వు ఫోటోలో పడతావు అవ్వా అంటే, "నేను ఇవతలుండాను గదా, దాంట్లో పడేది ఎట్ట?" అంటుంది. అంచుల్లో ఎంత పడుతుందో ఆమెకు తెలియదు. నేను కత్తిరించే ఇస్తాను కదా, ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి. కొయ్య గరిటెలు చేసే గోపిక వాళ్ళు వచ్చి, వాటి ఫోటోలు కావాలన్నారు, ఫోన్లో పెట్టి అమ్ముకునేదానికి. గరిటెలకు చీర ఏం బాగుంటుంది? పెరట్లో విరిగిన కడప రాయి పలక ఉంటే కడిగి, తడిగుడ్డతో తుడిచి, దాని మీద పెట్టి తీశాను. నల్లటి రాయి మీద ఆ కొయ్య గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఇది నువ్వు చెప్పింది కాదు, నా సొంతం!

అడిగినట్టు కత్తిరించనివి పంపుతున్నా.

సుజన


ఆత్మకూరు,
ఆగస్టు 12.

చిరంజీవి సుజనకు,

కడప రాయి ఆలోచన నాకు రాలేదు. ఒప్పుకున్నాను. గరిటెల ఫోటో మా టేబులు మీద పెట్టుకున్నా.

పిల్లల ఫోటోల విషయం. రిబ్బను జడల పాప ఫోటోలో ఎడమ అంచు చక్కగా వచ్చింది. చెంగు పట్టుకున్న బొటనవేలు బాగా కనపడుతోంది, దాని మీద కొడవలి గాటుతో సహా. కళ్ళజోడు పిల్లవాడి ఫోటోలో కింద కాలివేళ్ళు పడ్డాయి. మడమలు బాగా పగిలాయి, రాత్రి కొబ్బరినూనె రాయమను. ఎర్రచొక్కా వాడి ఫోటోలో మోచెయ్యి ఉంది. చెయ్యి సన్నబడింది. అన్నం సరిగా తింటోందా?

ఇంకా ఉంటే పంపు. కొంచెం వెనక్కి జరిగి తీయి. లైటింగు బాగా తెలుస్తుంది.

పెదనాయన


ఉదయగిరి,
ఆగస్టు 20.

పెదనాయనా,

ఫోటోలో ఉన్న పిల్లల మొహాల గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. లైటు ఎక్కువైందా, నీడ పడిందా, ఒక్కటీ చెప్పలేదు. బొటనవేలు, మడమ, మోచెయ్యి! ఇది లైటింగు చూడ్డమా? దొంగతనంగా తీయొద్దని నాకు చెప్పి, నువ్వు చేస్తున్నదేంది? అవ్వను ముక్కలు ముక్కలుగా పోగేసుకుంటున్నావు.

నాకు కోపంగా లేదు. నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. ఆత్మకూరు ఏమన్నా దుబాయా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ అన్నం తినొచ్చు. తుంటికి ఆపరేషనైంది, కర్రతో చర్చికి పోతున్నానంటున్నావు. చర్చికి పోయే కాలు అమ్మ దగ్గరికి ఎందుకు రాదు? తెల్లదానికీ అవ్వకూ ఏముందో నీకు తెలుసు. తెలియదన్నప్పుడే నీ అక్షరాలు వంకర తిరిగాయి.

ఈసారి ఫోటోలు పంపడం లేదు. ముందు నువ్వు చెప్పు.

సుజన


ఆత్మకూరు,
ఆగస్టు 29.

సుజనమ్మా,

చెబుతాను.

మా కాలంలో మన పల్లెల్లో ఫోటో తీయించుకునేంత మోజూ లేదు, స్తోమతూ లేదు. మనిషి పోయినప్పుడు మాత్రం తీయించేవాళ్ళు. పెట్టెలో పండబెట్టి, వెనక తెల్లదుప్పటి కట్టి, చుట్టూ అందరూ నిలబడేవాళ్ళు. ఆ మనిషికి అదే మొదటి ఫోటో, అదే చివరిది. పెట్టె ఫోటో అనేవాళ్ళం. దుత్తలూరు, వరికుంటపాడు, కలువాయి, ఎక్కడ కబురొచ్చినా నేనే పోయేవాణ్ణి. నేను కెమెరా సంచి భుజానికి తగిలించుకుని సైకిలెక్కితే చాలు, అమ్మ వాకిట్లో నుంచి, "ఎవురు పోయినార్రా?" అని అడిగేది. పెళ్ళికి పోతున్నా కూడా అదే అడిగేది. ఆమెకు నా సంచి అంటే చావు కబురే.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆ సంచి తగిలించుకుని మీ ఇంటికి వచ్చాను. మీరు ఇంకా చర్చి నుంచి రాలేదు. అమ్మ ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉంది, వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఒక్క ఫోటో తీసుకుంటానమ్మా అన్నాను. సంచి చూసింది. "ఏంరా శీనా, అంత తొందరగా ఉండాదా? నాకింకా టైముండాది, అప్పుడు రా" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం గుండెల్లో పొడిచినట్టయింది. ఆమె లోపలికి పోగానే లేచి బస్సెక్కేశాను. వచ్చినట్టు కూడా మీకు తెలియదు.

తుంటి విరిగింది ఆ తర్వాత ఏడాదికి. అంటే ఏడాది పాటు రెండు కాళ్ళూ బాగున్నా రాలేదు. ఇప్పుడు తప్పు తుంటి మీదికి నెట్టేస్తున్నా.

నాకున్న భయం ఒక్కటే. ఆమె చెప్పిన ఆ "అప్పుడు" వస్తే అందరూ నన్నే తీయమంటారు. నేను తీయలేను సుజనా. అంతకంటే ముందు, కళ్ళు తెరిచి నన్ను చూస్తున్న అమ్మ మొహం ఒక్కటి నా దగ్గర ఉండాలి. అందుకే వేళ్ళూ మడమలూ ఏరుకుంటున్నా. ఇది అమ్మకు చెప్పొద్దు.

పెదనాయన


ఉదయగిరి,
సెప్టెంబరు 8.

పెదనాయనకు వందనాలు.

చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. ఉత్తరం మొత్తం పైకి చదివాను, అంతే.

అవ్వ చెనక్కాయలు ఒలుస్తోంది. నేను చదువుతున్నంతసేపూ ఒలుస్తూనే ఉంది. అయిపోయాక పొట్టు చేటలో చెరిగి, "అందుకా వాడు పొయినాడు!" అన్నది. "కాఫీ పెడదామని లోపలికి పోతినే. గ్లాసు పట్టుకోని వచ్చేపాటికి వాకిట్లో ఎవురూ లేరు. వాడి గ్లాసు మాపటిదాకా అట్నే అరుగు మీద పెట్టుకోని కూర్చున్నా. ఎగతాళికన్నానమ్మా. కన్నతల్లి ఎగతాళి తెలీదా వాడికి? చెవులు అప్పుడే పొయినాయా?" అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈసారి కెమెరా ఏమీ లేదు, అయినా పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. చాలాసేపు ఏడ్చింది.

మరుసటిరోజు నేను కిటికీకి పంచె సర్దుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ పీట మీద లేదు. నీలం చీర ముందర, గిరాకీలు కూర్చునే స్టూలు మీద ఉంది. తల దువ్వుకుంది. మడమలకు కొబ్బరినూనె కూడా రాసుకుంది.

"లైటు చూసుకోవా?" అన్నది.

పంచె కొస వదిలేసి కెమెరా అందుకున్నాను.

"వాడికి రాయి. ఇది ఫోటో కాదు, లైటు చూసుకునేదానికి కూర్చున్నా. శీనడు ఎప్పుడూ చెప్పే లెక్కే. తొందరగా కానీ, పిలకాయలొస్తారు" అన్నది.

తీశాను. తొందరలో చేత్తో పట్టుకునే తీస్తే మొదటిది కదిలిపోయింది. బియ్యం సంచి మీద పెట్టి మళ్ళీ తీశాను. "వాడు ఇక్కడ నిలబడి ఉన్నట్టు చూడవ్వా" అన్నాను. అప్పుడు చూసిన చూపే ఇది. ప్రింటు వేశాను. ఇది లైటు చూసుకునే ఫోటో కాబట్టి వేయకూడదు, అయినా వేశాను.

అవ్వ చెప్పిన ఇంకో మాట, ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నా: "వాణ్ణి రమ్మను. ఆ సంచి తగిలించుకోకుండా, ఊరికే, చేతులూపుకుంటా రమ్మను. వాడు ఉత్త చేతులతో నా ఇంటికి వచ్చి ఎన్నేండ్లయిందో వాడికేమన్నా గుర్తుండాదా? నేను పొయినప్పుడు ఎవురన్నా తీసుకోనీ. వాడు తీయనక్కర్లా. వాడు నా పక్కన నిలబడాల, పటంలో."

కాఫీ నీకు పెట్టి ఉంచుతానంటోంది.

సుజన


ఆత్మకూరు,
సెప్టెంబరు 14.

చిరంజీవి సుజనకు,

ఫోటో అందింది. కవరు చించి, చూసి, మళ్ళీ కవర్లో పెట్టేశాను. సాయంత్రం దాకా మళ్ళీ తీయలేకపోయాను. పక్కింటి పెంచలప్రసాద్ వచ్చి ఏమైందని అడిగితే చూపించాను. "అచ్చం నీ కళ్ళే గదన్నా" అన్నాడు. నా కళ్ళు ఆమెవని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. కెమెరాలో నుంచి చూస్తే ఎప్పుడూ కొంగే అడ్డం ఉండేది కదా.

ఇప్పుడు లైటింగు మాట. నిజంగానే చెబుతున్నా. కిటికీ పక్క చెంప బాగా వచ్చింది, ముడతలన్నీ మెత్తగా పడ్డాయి. చీర చెంగు మాత్రం గాలికి లేచింది. రెండో చెంప చీకటిగా ఉంది. ఎందుకో తెలుసా? చెంగు పట్టుకునే మనిషీ థర్మోకోల్ పట్టుకునే మనిషీ స్టూలు మీద ఉంది. ఆ పక్క పీట ఖాళీగా ఉంది.

కెమెరా సంచి పెంచలప్రసాద్‌కు ఇచ్చేశాను, వాళ్ళ పాప పుస్తకాలకు పనికొస్తుంది. శనివారం పొద్దున బస్సు అతనే ఎక్కిస్తానన్నాడు. నువ్వు బస్టాండుకు ఆటో తీసుకుని రా. పీట మీద కూర్చుంటే నేను లేవలేను, ఒక కుర్చీ వేసి పెట్టు.

అమ్మను ఇంకోసారి లైటు చూసుకునేదానికి కూర్చోమను. థర్మోకోల్ నేను పట్టుకుంటా.

శీనయ్య